మైకులో పిలవని పేరు

పోయిన వారం మా అమ్మాయిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నర్సు తలుపు సగం తెరిచి, చేతిలో కాగితం చూసుకుని, "నైరా అనసూయా!" అని పిలిచింది. పిలుపు విన్నా నేను లేవలేదు. పక్క కుర్చీ వైపు చూశాను. ఆ పిలుపుకి ముందు లేచేది మేము కాదు. ఇస్త్రీ చొక్కా, మెడకు మఫ్లరు, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకున్న పెద్దాయన ఒకరు మాకంటే ముందు లేచి నిలబడేవారు. నర్సుకి ఒకసారి తలూపి, "ఊఁ, మీరెళ్ళి రండి" అని మళ్ళీ కూర్చునేవారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరిదో కోటు పడి ఉంది.

ఆయన పోయింది కిందటి చలికాలంలో, మంచు పడి ఊళ్ళో బళ్ళు, ఆఫీసులు మూసేసిన రోజుల్లో. నిద్రలోనే పోయారు. ఆయనకూ ఒక పేరుంది. నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఎవరైనా అడిగితే "అదెందుకులెండి, బాబాయి అనండి చాలు" అనేవారు కాబట్టి అమెరికాలో మా ఊరు బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయిగారే. ఆయనకు పట్టింపున్నది లోకంలో ఒక్క పేరు మీదే. ఆ పేరునే ఆయన పలికేవారు కాదు.

నేను పుట్టి పెరిగింది తెనాలిలో గిన్నెల బజారులో. మా నాన్నకి స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. బేరమాడకుండా ఏదైనా కొంటే దొంగసొత్తు తెచ్చినట్టు మొహాలు పెట్టే ఇల్లు మాది. ఈ ఊళ్ళో ఉన్న పెద్ద కంపెనీకి గరిటెలు, మూకుళ్ళు అమ్మే ఒక సప్లయర్ తరఫున బేరాలాడటం ఇప్పుడు నా ఉద్యోగం. అంటే ఇంతదూరం వచ్చి మళ్ళీ మా నాన్న కొట్లోనే కూర్చున్నాను, కాకపోతే గల్లాపెట్టె బదులు మీటింగులున్నాయి. శనివారం సంతలో టమాటాలు అమ్మే తెల్లావిడతో కూడా బేరం పెడతాను. మా ఆవిడ చప్పున ముందుకెళ్ళిపోయి, నేనెవరో తెలియనట్టు పూలు చూస్తూ నిలబడుతుంది.

బాబాయిగారు మా వీధి చివరింటి అక్కావాళ్ళ నాన్నగారు. భార్య పోయాక అక్క ఆయన్ని ఇక్కడికి తెచ్చేసుకుంది. ఏలూరు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలవడం ఆయన చేసిన ఉద్యోగం. రిటైరై ఎన్నేళ్ళయినా ఆ గొంతు రిటైర్ కాలేదు. మాట్లాడే ముందు పిడికిలి మూతి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో రెండుసార్లు తట్టి, గొంతు సవరించుకునేవారు. పార్టీ అయిపోయి మేం చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ప్రయాణికులకు విజ్ఞప్తి. బెంటన్‌విల్ నుండి రోజర్స్ మీదుగా ఫేయట్‌విల్ పోవు కారు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. పిల్లలను, డబ్బాలను మరచిపోవద్దు" అని చదివేవారు. అందరం నవ్వేవాళ్ళం. కార్లన్నీ వెళ్ళిపోయాక కూడా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉండటం నాకు వెనకద్దంలో కనబడేది.

ఆయనతో నా పరిచయం ఇంటికో వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో మొదలైంది. బల్ల మీద అన్నీ ప్లాస్టిక్ డబ్బాలు, రేకు ట్రేలు. వాటి మధ్య ఒక పాతకాలపు స్టీలు డబ్బా, మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. గిన్నెల కొట్టువాడి కొడుకుని, మూత మీద పేరు కనబడితే చదవకుండా ఉండలేను.

"జంతికలు అనసూయగారు చేశారాండీ?" అన్నాను.

పక్కనే ఉన్న ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"అనసూయగారు. ఆంటీ పేరే కదండీ?"

"ఇంకొక్కసారి అనండి."

తప్పు మాట్లాడానేమో అనుకుంటూనే మళ్ళీ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తెరిచి, "ఆవిడ లేరండి. జంతికలు కొట్లో కొన్నవి. డబ్బా మాత్రం ఆవిడది" అన్నారు. తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఏదో రహస్యం చెబుతున్నట్టు, "ఆ పేరు బయట విని ఎన్నాళ్ళయిందో తెలుసా బాబూ" అన్నారు. "వాళ్ళమ్మ పిలిచేది. పోయింది. వాళ్ళన్నయ్య పిలిచేవాడు. ఆయనా పోయాడు. మా అమ్మాయికి అమ్మ, అల్లుడికి అత్తయ్యగారు. ఇంక ఆ పేరు పిలిచేవాళ్ళెవరు?"

"మరి మీరు?"

"నేను 'ఇదిగో' అనేవాణ్ణి. ఆవిడ 'ఆఁ' అనేది. వేరే పేరు అవసరం పడలేదు."

నాకు అర్థమైంది. మా కొట్లో పేర్లు కొట్టే మిషను ఒకటుండేది. బిందె కొన్నా, గిన్నె కొన్నా దాని మీద ఇంటావిడ పేరు వేయించుకునేవారు, పక్కింటికి వెళ్ళిన గిన్నె తిరిగి రావాలని. అలా మా బజారులో ఆడవాళ్ళందరి పేర్లూ నాకు తెలుసు. సుభద్ర, కాత్యాయని, దాక్షాయణి, హైమవతి. అంత బరువైన సంస్కృతం పేర్లు గిన్నెల మీద ఉండేవి తప్ప ఎవరి నోటా ఉండేవి కావు. మనుషుల్ని ఫలానావాడి అమ్మ, ఫలానా ఇంటి కోడలు అనే పిలిచేవారు. ఇది రాస్తూ నేనూ "మా ఆవిడ" అనే రాస్తున్నాను చూడండి. ఇంట్లో మాత్రం ఒకర్నొకరం పేరు పెట్టే పిలుచుకుంటాం. ఆవిడ పిలిచిందంటే చెత్తబుట్ట బయట పెట్టాలని అర్థం.

ఆ రోజు నుంచి ఆయన వ్యాపారం నేను దగ్గరగా చూశాను. అవును, వ్యాపారమే. ఊళ్ళో ఏ తెలుగు జంటకు పిల్లలు పుట్టబోతున్నారని తెలిసినా ఆయన డబ్బా పట్టుకుని వెళ్ళేవారు. ఆ అమ్మాయి ముందు డబ్బా పెట్టి, మూత మీద వేలితో కొట్టేవారు.

"ఇది చూడమ్మా."

"వావ్, జంతికలా అంకుల్?"

"జంతికలు కాదు తల్లీ. మూత."

అమ్మాయి చదివేది. మొగుడి మొహం చూసేది. ఆయన వెంటనే సరుకు గుణం చెప్పేవారు. "అసూయ లేనిది అని అర్థం. ఎవర్ని చూసీ కుళ్ళుకోనిది. ఇప్పుడు ఎంత అవసరమో ఆలోచించండి."

"నైస్ మీనింగ్ అంకుల్. కొంచెం ఓల్డ్ కదా."

"కొత్తది మాత్రం ఎన్నాళ్ళు కొత్తగా ఉంటుందమ్మా?"

"పోనీ షార్ట్‌గా 'అన' అని పెట్టుకోవచ్చేమో. స్కూల్లో ఈజీ" అనేవాడు మొగుడు.

"చిల్లరగా ఇవ్వను నాయనా. మొత్తం తీసుకుంటే తీసుకోండి."

వాళ్ళు నవ్వేవారు. జంతికలు తినేవారు. ఏ జంటకైనా కావలసిన పేరు ఒక్కటే. సంస్కృతం అయ్యుండాలి, రెండక్షరాలే ఉండాలి, ఇక్కడి టీచరు నోరు తిరగాలి, కాఫీ కొట్టువాడు కప్పు మీద రాయగలగాలి, ఇంకెవరికీ ఉండకూడదు. ఇంటర్నెట్‌లో వెతికితే అలాంటివి వందలు దొరుకుతాయి. ఏ పేరు నొక్కినా అర్థం దగ్గర లక్ష్మీదేవి అనో, వెలుగు అనో ఉంటుంది. బాబాయిగారు నా ఫోన్‌లో అది చూసి, "అన్ని బస్సులకూ ఒకటే బోర్డు పెట్టారేంటయ్యా!" అన్నారు.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను. "బాబాయిగారూ, మీకు అమ్మడం రాదు. సరుకు పేరు నోటితో చెప్పకుండా మూత చూపించి ఎవరైనా అమ్ముతారా?"

"నోటితో చెప్పగలిగితే మూతెందుకు మోస్తానయ్యా?"

"ఇంతకీ ఆంటీ నిజంగా అసూయ లేని మనిషేనా?"

"ఎవరూ, ఆవిడా!" ఆయన ఒళ్ళంతా కదిలేలా నవ్వారు. "పక్కింటివాళ్ళు ఫ్రిజ్ కొన్నారని నాతో వారం మాట్లాడలేదు. చుట్టాలావిడ గొలుసు చూసొచ్చి అన్నం మానేసింది. పేరు అర్థం పేరుదేనయ్యా. దాని కింద మనిషి వేరే ఉంటుంది."

నవ్వు ఆగాక, వీధి చివర చెరువు పక్క బెంచీ మీద, శివరాత్రి సంగతి చెప్పారు. పెళ్ళైన కొత్తలో పట్టిసీమ వెళ్దామని ఆవిడ మొక్కుకుందట. డ్యూటీ దిగాక కలిసి వెళ్దామని బస్టాండుకి రమ్మన్నారు. ప్లాట్‌ఫారాలన్నీ జనం. ఆవిడ వచ్చింది కానీ ఆ రద్దీలో ఎక్కడుందో తెలియలేదు. పట్టిసీమ స్పెషల్ కదలబోతోంది. ఆయన చేతిలో మైకుంది.

"ఎవరు తప్పిపోయినా నేనే కదా పిలిచేది. ఫలానా ఊరి ఫలానా వారు, మీ వాళ్ళు ఎంక్వయిరీ దగ్గర ఎదురుచూస్తున్నారు, ఎక్కడున్నా రావలెను అని. జిల్లాలో నేను పిలవని పేరు లేదు. మైకు తట్టాను, గొంతు సవరించుకున్నాను. పేరు రాలా."

"రాకపోవడమేంటండీ?"

"అంత జనంలో, మా డిపో వాళ్ళందరూ వింటుండగా, పెళ్ళాం పేరు! నాలుక మడత పడిపోయింది. ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిలో స్టీలు డబ్బా ఉన్న ఆవిడ ఎక్కడున్నా ఎంక్వయిరీకి రావలెను అని చదివేశా."

"వచ్చారా?"

"వచ్చారు! శివరాత్రయ్యా. ప్రతి ఆడమనిషి చేతిలోనూ ప్రసాదం డబ్బా. ఆకుపచ్చ చీరలన్నీ బారులు కట్టి వచ్చి నిలబడ్డాయి. ఒకావిడ వెనకాల మొగుడు కర్ర పట్టుకుని వచ్చాడు, మా ఆవిడతో నీకేం పనిరా అని. చిట్టచివర ఈవిడొచ్చింది. బస్సు వెళ్ళిపోయింది." ఆయన చెరువు వైపు చూశారు. "ఏమందో తెలుసా? ఊరందరి పేర్లూ పిలుస్తారు, నా ఒక్కదాని పేరే బరువైందా మీకు అంది. మర్నాడు వెళ్ళి ఆ డబ్బా మూత మీద పేరు కొట్టించుకుని వచ్చింది. పిలవకపోతే పోయె, చదువుకోండి అని నా ముందు పెట్టింది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆవిడ పోయాక ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరు కదా, ఇప్పుడైనా పిలుద్దామనుకున్నా. మంచం దగ్గర నిలబడి గొంతు కూడా సవరించుకున్నా. ఖాళీ ప్లాట్‌ఫారం మీద బస్సు పిలిచినట్టుంటుంది కదయ్యా. పిలిస్తే పలికే మనిషుండాలి. ఎవరి పాపకైనా ఆ పేరుంటే, ఎదురుగా గునగునా తిరుగుతుంటే, అప్పుడు నా నోరు పెగులుతుందేమోనని. అంతే. అందుకే ఈ తిరుగుడు."

అప్పటికి మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. ఆయన మమ్మల్ని అడగలేదు. ఒక ఆదివారం వచ్చి, డబ్బా వంటింటి బల్ల మీద పెట్టి, మూత మా ఆవిడ వైపు తిప్పి, ఊరికే కూర్చున్నారు. మా ఆవిడ అప్పటికే నైరా అని నిర్ణయించేసింది. ఎక్కడా లేని పేరని దాని గొప్ప. నేను నా విద్య బయటికి తీశాను. మొదటి పేరు మాది, రెండో పేరు మీది, కాగితాల మీద జీవితాంతం ఉంటుంది, పాస్‌పోర్టులో కూడా పడుతుంది అన్నాను. ఇద్దరికీ నష్టం లేని బేరం.

ఆయన మూత మీద చుక్కల్ని వేలితో తడిమారు.

"రెండో పేరంటే ఎక్స్‌ప్రెస్ బస్సుకి మధ్య ఊరు లాంటిదయ్యా. బోర్డు మీద ఉంటుంది. బండి ఆగదు."

"చెవిలో చెప్పేది మీరే బాబాయిగారూ. బారసాలలో ఆ పేరు మీ చేతే చెప్పిస్తాం" అంది మా ఆవిడ. నేను ఇవ్వని రాయితీ ఆవిడ ఇచ్చింది. ఆయన లేచి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు. డబ్బా మరిచిపోయి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళారు.

బారసాల రోజు పంతులుగారు టాబ్లెట్‌లో ఉన్నారు. దాన్ని బియ్యం బస్తాకి ఆనించి పెట్టాం. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రెండు పేర్లూ రాశాను. మొదటి పేరు నేను పాప చెవిలో చెప్పాను. తర్వాత బాబాయిగారు వంగారు. పిడికిలి మూతి దగ్గరికి వెళ్ళింది, బొటనవేలు రెండుసార్లు కదిలింది. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఆయన అలా వంగే ఉన్నారు. టాబ్లెట్‌లోంచి పంతులుగారు "ఏమండీ, సిగ్నల్ పోయిందా?" అన్నారు. ఆయన లేచి నిలబడ్డారు. ఆ పేరు చెప్పారో లేదో, నా చెవిన మాత్రం పడలేదు.

"చెప్పారా బాబాయిగారూ?"

"పాపకి చెప్పాల్సింది పాపకి చెప్పా. నీకెందుకయ్యా?"

ఎక్కడా లేని పేరు సంగతి తొందరగానే తేలిపోయింది. మొదటి టీకాలకు వెళ్ళినప్పుడు నర్సు "నైరా" అని పిలిస్తే రెండు తెలుగు జంటలు లేచి నిలబడ్డాయి. మా ఆవిడ మొహం చూడాలి. అప్పట్నుంచి తికమక లేకుండా మా పాపను ఆ ఆఫీసులో రెండు పేర్లతో పిలవడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బాబాయిగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"పిలుస్తున్నారా? బయటికి? అందరూ వినేట్టు?"

"వింటున్నారు. 'సూ' దగ్గర కొంచెం తంటాలు పడుతున్నారు."

"మళ్ళీ ఎప్పుడెళ్ళాలి?"

అలా ఆయన మాతో రావడం మొదలైంది. చొక్కా ఇస్త్రీ చేయించుకునేవారు. పెళ్ళికి వెళ్ళినట్టు ముందే వచ్చి కారు దగ్గర నిలబడేవారు. పాపకి జలుబు చేసినా మాకంటే ముందు ఆయనే, "ఎందుకైనా మంచిది, డాక్టరుకి చూపించకూడదూ" అనేవారు. పిలుపు వినగానే లేవడం, తలూపడం, కూర్చోవడం. ఒకసారి నర్సు మర్యాదకి "మీరు తాతగారా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన నా వైపు తిరిగి, "మీరు చాలా బాగా పిలుస్తున్నారని చెప్పవయ్యా" అన్నారు. చెప్పాను. ఆవిడకు ఏం అర్థమైందో గాని చేతులు జోడించింది.

పాప నడక నేర్చాక సాయంత్రాలు ఆయనే పార్కుకి తీసుకెళ్ళేవారు. మా ఇద్దరికీ ఆఫీసు కాల్స్ ఉండే వేళ అది. చెయ్యి పట్టుకుని వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసేవాణ్ణి. మా ముందు ఎప్పుడూ "పాపా", "బుజ్జితల్లీ" అనే పిలిచేవారు. ఆ పేరు ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు. అడగడానికి నాకు మనసొప్పలేదు.

ఆయన పోయాక అక్క డబ్బా తెచ్చి ఇచ్చింది. "నైరాకి ఇవ్వమని ఎప్పుడో చెప్పి పెట్టారురా. ఎందుకో నాకు తెలీదు, నీకు తెలుసన్నారు" అంది. అందులో ఇప్పుడు కందిపప్పు పోశాం. మూత తీసినప్పుడల్లా మా ఆవిడ పేరు కనబడేలా దాన్ని తిప్పి పెడుతుంది.

పోయిన వారం నర్సు రెండోసారి పిలిచాక నైరానే నా చెయ్యి పట్టుకు లాగింది. లోపల గదిలో పిల్ల కాగితం పరిచిన బల్లెక్కి కూర్చుంది. డాక్టరు రావడం ఎప్పుడూ ఆలస్యమే. నేను ఫోన్ తీశాను. పిల్ల గోడ దగ్గర్నుంచి పళ్ళు తోముకోవడం గురించిన కరపత్రం ఒకటి లాగి, గొట్టంలా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుంది. బొటనవేలితో రెండుసార్లు తట్టింది. గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది.

నేను తలెత్తాను.

"అనసూయగారూ. అనసూయగారూ. మీ వాళ్ళు ఎంక్వయిరీ దగ్గర వెయిట్ చేస్తున్నారు. మీరు ఎక్కడున్నా రావలెను."

యాస అమెరికాది. 'రావలెను' దగ్గర సాగదీత మాత్రం ఏలూరు బస్టాండుది.

"ఎవరు నేర్పారమ్మా ఇది?"

"తాతగారు. పార్క్‌లో. ఫస్ట్ తాతగారు చెప్తారు, దెన్ నేను చెప్తా. స్లైడ్ మీద నుంచి. లౌడ్‌గా."

"ఆ పేరు తాతగారే చెప్పేవారా?"

"ఎవ్రీ టైమ్."

"చెప్పాక?"

"వెయిట్ చేస్తాం."

"ఎవరొస్తారు?"

"ఎవరూ రారు," అంది, అదేం ప్రశ్న అన్నట్టు. "తాతగారు రోడ్ సైడ్ చూస్తారు. లాంగ్ టైమ్. అప్పుడు నేను స్లైడ్ దిగి వెళ్తా."

"నువ్వెందుకు వెళ్ళడం?"

"సమ్‌బడీ వెళ్ళాలి కదా నాన్నా."

మళ్ళీ కరపత్రం నోటి దగ్గర పెట్టుకుంది. ఈసారి ఇంకాస్త గట్టిగా పిలిచింది. పిలిచి, మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ కూర్చుంది. కాసేపు ఇద్దరం తలుపునే చూశాం. తర్వాత నేను కుర్చీలోంచి లేచాను.